ఎడమచేతి వాటం పిల్ల కోసం డ్రమ్ కిట్‌ను తిప్పి అమర్చాలా, లేక పిల్లే అలవాటు పడాలా?

మారేడ్‌పల్లి నుంచి ప్రశ్న:

మా అమ్మాయికి 11 ఏళ్లు. అన్నం తినడం తప్ప మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే చేస్తుంది. ఏడాదిగా డ్రమ్స్ నేర్చుకుంటోంది. మాస్టారుగారు కిట్‌ను కుడిచేతి వాటానికే ఉంచి, నాలుగు నెలలు ఓర్చుకుంటే అదే అలవాటవుతుందని మొదట్లో చెప్పారు. తొమ్మిది నెలలు దాటినా అలవాటు కాలేదు. కుడిచేయి అడ్డంగా చాచి ఎడమపక్కనున్న హై-హ్యాట్ (జంట తాళాలు) మీద, ఎడమచేయి దాని కిందుగా స్నేర్ (మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్) మీద పెట్టి వాయించేటప్పుడు పిల్ల కుడి భుజం చెవిదాకా లేస్తోంది, పాట సగంలో తనకు తెలియకుండానే చేతులు మార్చేసుకుంటోంది. కిట్‌ను అద్దంలో బొమ్మలాగా పూర్తిగా తిప్పి అమర్చుదామని నా ఆలోచన. అయితే ఆదివారం చర్చిలో ముగ్గురు పిల్లలు ఒకే కిట్ మీద వాయిస్తారు కనుక అది కుదరదని మావారు అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సికింద్రాబాద్ నుంచి, చర్చిలో 14 ఏళ్లుగా వాయిస్తున్న సభ్యుడు:

అమ్మా, కిట్‌ను తిప్పవద్దనే నా సలహా. అపార్ట్‌మెంట్లలో ఉండే మన పిల్లల్లో సొంత కిట్ మీద హాయిగా వాయించుకునే అవకాశం ఎంతమందికి ఉంటుంది? గంటకింత అని అద్దె కట్టే జామ్ రూమ్‌కు వెళ్లినా, కాలేజీ ఉత్సవానికి వెళ్లినా, పెళ్లివారి సంగీత్‌కు వెళ్లినా అక్కడి కిట్‌ను ముందే కుడిచేతి వాటానికి అమర్చి, మైకులు కూడా బిగించి ఉంచుతారు. ఒక బృందం దిగి మరొక బృందం ఎక్కేలోపు దొరికే పది నిమిషాల్లో స్టాండ్లన్నీ తిప్పి, మైకుల తీగలు మార్చుకోమంటే నిర్వాహకులు ఒప్పుకోరు. పైగా బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్‌ది కూడా ఎడమచేతి వాటమే. ఆయన కుడిచేతి కిట్ మీదే అంత పేరు తెచ్చుకున్నారు కదా. ఇప్పుడు కాస్త కష్టమైనా, రేపు ఎక్కడికి వెళ్లినా పాప కూర్చుని వాయించగలగాలి.

కొత్తపేట నుంచి, డ్రమ్స్ నేర్పే సభ్యుడు:

కిట్ పంచుకోవడంలోని ఇబ్బంది గురించి పై మిత్రులు చెప్పినది నిజమే. కానీ రింగో ఉదాహరణ వారి వాదానికి బలం చేకూర్చదు. తన ఫిల్స్ (పాట మధ్యమధ్య డ్రమ్‌ల మీద వేసే చిన్న విన్యాసాలు) అందరిలా ఉండకపోవడానికి ఎడమచేతి వాటంతో కుడిచేతి కిట్ మీద వాయించడమే కారణమని ఆయనే చెప్పుకున్నారు. మరోవైపు ఫిల్ కాలిన్స్, డీప్ పర్పుల్ బృందంలోని ఇయాన్ పేస్ కిట్‌ను పూర్తిగా తిప్పుకునే వాయించారు. కాబట్టి గొప్పవారి పేర్లతో ఈ విషయం తేలదు.

అమ్మా, చేతుల సంగతి అలా ఉంచి ముందు కాళ్ల సంగతి చూడండి. పాప బంతిని ఏ కాలితో తన్నుతుంది? ఎడమచేతి వాటం ఉన్నవారిలో కుడికాలితో తన్నేవారు చాలామంది ఉంటారు. పాప కూడా అలాంటిదైతే కుడికాలితో తొక్కి పెద్ద డ్రమ్‌ను మోగించే బేస్ డ్రమ్ పెడల్ ఉన్నచోటే ఉండాలి. కిట్ మొత్తం తిప్పితే చేతికి మేలు చేయబోయి కాలికి కీడు చేసినట్టవుతుంది.

చేతులు అడ్డం వేసుకుని వాయించే పద్ధతి శరీరానికి సుఖమని పుట్టినది కాదు. 1909లో విలియం లుడ్విగ్ తెచ్చిన పెడల్ వాడుకలోకి వచ్చాక బేస్ డ్రమ్ కుడికాలి పని అయింది. 1920లలో ఎడమకాలి దగ్గర నేలబారుగా ఉండే జంట తాళాలను తరువాత కడ్డీ మీద పైకి ఎత్తి కర్రకు అందేలా చేశారు, అదే హై-హ్యాట్. అప్పటికే లయ నడిపించడం కుడిచేతికి అలవాటై ఉన్నందువల్ల ఆ చేయే ఎడమపక్కకు అడ్డంగా వెళ్లింది. మీ పాపకైతే వాటమైన చేతి పక్కనే హై-హ్యాట్ ఉంది. ఎడమచేత్తో హై-హ్యాట్, కుడిచేత్తో స్నేర్ వాయిస్తే అడ్డమే ఉండదు. దీనిని ఓపెన్ హ్యాండెడ్ అంటారు. బిల్లీ కోభమ్, కార్టర్ బ్యూఫోర్డ్ అలా వాయించినవారే. కిట్‌లో మారవలసింది కుడిపక్కనుండే పెద్ద తాళం, అంటే రైడ్ ఒక్కటే. దానిని హై-హ్యాట్ పక్కకు తెస్తే చాలు. ఒక్క స్టాండు జరపడానికి చర్చిలో ఎవరూ అభ్యంతరం చెప్పరు.

అయితే భుజం లేవడానికి చేతివాటమే కారణమని ఇప్పుడే నిర్ణయించకండి. పెద్దవారి ఎత్తుకు బిగించిన కిట్ ముందు పిల్లను కూర్చోబెడితే ఏ చేతివాటమున్నా భుజం లేస్తుంది. నేను మొదటి ఆరేళ్లు చూడటానికి బాగుంటుందని స్టూలును బాగా దించుకుని వాయించి నడుము నొప్పి తెచ్చుకున్నాను. మూడంగుళాలు పైకెత్తిన తరువాతే అది తగ్గింది. కనుక అన్నీ పక్కకు జరిపి స్టూలు ఒక్కటే ఉంచండి. తొడలు మోకాళ్ల వైపు కొద్దిగా వాలేలా ఎత్తు సరిచేసి, పాపను కళ్లు మూసుకుని కూర్చోమనండి. పాదాలు తమంతట తాము ఎక్కడ ఆనితే అక్కడికే పెడళ్లు రావాలి. తరువాత మోకాళ్ల మధ్య స్నేర్ పెట్టి, దాని అంచు తొడకంటే రెండు మూడు వేళ్ల ఎత్తులో ఉండేలా చూడండి. అంచు మరీ కిందికి ఉంటే కర్ర దించిన ప్రతిసారీ చేయి తొడకు తగులుతుంది. టామ్‌లను (స్నేర్‌కు ముందు, పక్కన ఉండే డ్రమ్‌లు) ఎక్కువగా వాల్చకండి. మీ కిట్‌లో టామ్ తోలు మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే, కర్ర మొన గుచ్చుకుంటోందని, వాలు ఎక్కువైందని అర్థం. క్రాష్ (గట్టిగా కొట్టే తాళం) ఆఖరున రావాలి; దానికోసం మోచేయి భుజం ఎత్తుకు లేస్తే స్టాండు దించాల్సిందే.

హబ్సిగూడ నుంచి, మృదంగం నేర్చుకుని డ్రమ్స్‌కు వచ్చిన సభ్యురాలు:

కొత్తపేట గారితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ రైడ్ జరిపినంత మాత్రాన అంతా తీరదు. టామ్‌లు ఎడమ నుంచి కుడికే దిగుతాయి. ఎడమచేత్తో మొదలుపెట్టి ఒక్కో టామ్ మీద నాలుగేసి దెబ్బలు వేస్తూ పోతే, కుడిచేయి వెనుక టామ్ మీద ఉండగానే ఎడమచేయి దానిని దాటి ముందు టామ్ మీదికి పోవాలి. రింగో పడ్డ ఇబ్బంది ఇదే. పిల్ల ఎడమకాలితో తన్నేదైతే మాత్రం మొహమాటం లేకుండా కిట్‌ను పూర్తిగా తిప్పండి. మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్లై గారిది ఎడమచేతి వాటం. ఆయన వాయించే కచేరీలలో వేదిక మీద కూర్చునే వరుసనే మార్చవలసి వచ్చేది. అయినా ఆయన చేయి మార్చుకోలేదు, సంగీత లోకమే ఆయన వాటానికి చోటిచ్చింది.

కొత్తపేట సభ్యుడు:

మీ అభ్యంతరం సరైనదేనండి. ఎడమకాలి వాటమైతే తిప్పమనే నేనూ చెబుతాను. టామ్‌ల విషయంలో మాత్రం ఒక దారి ఉంది. ఓపెన్ హ్యాండెడ్‌గా వాయించేటప్పుడు ఫిల్‌కు ముందు హై-హ్యాట్ మీద పడే చివరి దెబ్బ ఎడమచేతిదే కనుక, ఫిల్‌లోని మొదటి దెబ్బ కుడిచేతికి సహజంగానే వస్తుంది. దానిని మొదటి నుంచీ అలవాటు చేస్తే చేతులు చిక్కుకోవు.

మారేడ్‌పల్లి నుంచి, రెండు వారాల తరువాత:

అందరికీ కృతజ్ఞతలు. మేడ మీద బంతి వేసి చూశాను, ప్రతిసారీ కుడికాలితోనే తన్నింది. స్టూలు పాపకు మరీ తక్కువ ఎత్తులో ఉందని తెలిసి పైకెత్తాము. ఆ ఒక్క మార్పుతోనే భుజం సగం దిగింది. చర్చిలో రైడ్ స్టాండు కాళ్లు ఎక్కడ ఆనాలో తివాచీ మీద ఆకుపచ్చ టేపు అంటించుకున్నాము. తన వంతు రాగానే పాపే స్టాండు తెచ్చి ఆ గుర్తుల మీద పెట్టుకుంటోంది, దిగేటప్పుడు తిరిగి జరిపేస్తోంది. మాస్టారుగారు ఒక నెల చూద్దామన్నారు. కుడిపక్క నేల మీద నిలిచే ఫ్లోర్ టామ్ దగ్గరికి వచ్చేసరికి కర్రలు ఇంకా ఒకదానికొకటి తగులుతున్నాయి. కుడిచేత్తో ఫిల్ మొదలుపెట్టే సాధన నిన్నటి నుంచి చేయిస్తున్నాను.