టౌకనెట్ కంటపడాలంటే: కంబాలకొండలో సాధన పనికొస్తుందా?

సీతమ్మధార పిట్ట: ఫిబ్రవరిలో కోస్టారికా వెళ్తున్నాం. పసుపు చెవుల టౌకనెట్ చూడాలని ఉంది. పెద్ద ముక్కున్న టౌకాన్ పిట్టల కుటుంబమే అయినా ఓ పట్టాన కనబడదంటున్నారు. ఎక్కడ వెతకాలి? ఈలోగా మన విశాఖ కంబాలకొండ అడవిలో దేని మీద సాధన చెయ్యొచ్చు?

కొండగాలి: కరీబియన్ వైపు కొండవాలు అడవుల్లో చూడండి, సుమారు 300 నుంచి 1200 మీటర్ల ఎత్తులో. పొడవు 37 సెం.మీ., మన ఊరకాకి కన్నా కాస్త చిన్నదే. ఒళ్లు నలుపు, వీపు ముదురాకుపచ్చ కావడంతో ఆకునీడలో కలిసిపోతుంది. మగదానికి నల్ల టోపీ, చెవి దగ్గర పసుపు కుచ్చు. ఆడదానికి కుచ్చు ఉండదు, తల గోధుమరంగు. టౌకాన్లలో ఆడామగా ఇంత తేడాగా ఉండటం అరుదు, అందుకే కుచ్చు లేదని వదిలేసి పోతుంటారు. కూత ఎండు కర్రల గిలక్కాయలా "ట్-క్ర్ర్" అంటుంది, కూసినప్పుడల్లా తల వంచి ఊపుతుంది. ఆ కదలికే పట్టిస్తుంది.

జువ్విచెట్టు: అడవంతా తిరక్కండి. పండిన చెట్టు వెతకండి, కింద తొక్కలూ గింజలూ రాలి ఉంటాయి. ఓ ఇరవై మీటర్ల దూరంలో, ఎండ మీ వెనక పడేలా కూర్చోండి. టౌకాన్లు పండు మొత్తంగా మింగి, పెద్ద గింజని మళ్లీ కక్కేస్తాయి. ఆ కాసేపూ పక్క కొమ్మ మీద కదలకుండా ఉంటాయి. అందరూ పళ్ల మీదే చూపు పెట్టి అక్కడే మిస్సవుతారు.

సాధనకి గోధుమ తల బార్బెట్‌ని మించింది లేదు. పొద్దున్నే మర్రి, జువ్వి పళ్ల దగ్గర "కుట్రూ కుట్రూ" అంటుంది, పచ్చాకుల్లో పచ్చపిట్ట. ముందు ఉత్తి కంటితో పట్టుకోండి. చూపు తిప్పకుండా బైనాక్యులర్ కంటికి ఎత్తండి. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు.

రుషికొండ లెన్స్: ఆకాశం వెనకుంటే పిట్ట నల్లముద్ద అయిపోతుంది, కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) +1 పెట్టండి. ఏసీ గదిలోంచి తీసిన లెన్స్‌కి మన ఉక్కలో ఆవిరి పట్టినట్టే అక్కడా పడుతుంది. బ్యాగు జిప్ తియ్యకుండా అరగంట బయట ఉంచండి. రికార్డు చేసిన కూత మాత్రం వినిపించకండి, గూటి కాలంలో పిట్ట బెదిరి తిండి మానుకుని తిరుగుతుంది.

కొండగాలి: ఇంకో మాట. "అనంతగిరిలో టౌకాన్" అంటూ వాట్సాప్‌లో ఫొటో వస్తే నమ్మకండి, అది హార్న్‌బిల్. టౌకాన్లు సహజంగా ఉండేది అమెరికా ఖండాల్లోనే. టౌకాన్‌కి ఇక్కడి చుట్టం బార్బెట్టే, హార్న్‌బిల్ కాదు. కాళ్లు చూడండి: బార్బెట్‌కీ టౌకాన్‌కీ రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి.