ఈ సీజన్ సాయంత్రం ఉపన్యాసాలకు పేరున్న బయటి వక్తలా, మన ఊరివాళ్ళా?

కొత్తపేట పాఠకుడు

చీరాలలో మా పఠన సంఘం చిన్నదే. ఏటా నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలతో (14 నుంచి 20 వరకు) మొదలుపెట్టి మార్చి దాకా సాయంత్రం ఉపన్యాసాలు పెడతాం. పదిహేను రోజులకో శనివారం, ఆరున్నరకి. సంక్రాంతికి ఒకటి, పరీక్షలకి ఒకటి వదిలేస్తే మొత్తం ఎనిమిది. ఈసారి ఎనిమిదింటికీ హైదరాబాద్, విజయవాడల నుంచి పేరున్నవాళ్ళనే పిలుద్దామని కార్యవర్గంలో ఎక్కువమంది అంటున్నారు. నేను వద్దంటున్నాను. కనీసం ఐదు సాయంత్రాలు మన ఊరివాళ్ళకే ఇవ్వాలని నా వాదన. ఆదివారం మీటింగ్‌లో తేల్చాలి కాబట్టి అందరి మాటా వినాలని ఇక్కడ పెడుతున్నాను.

నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్తాను. పోయిన డిసెంబర్‌లో ఒక పెద్ద వక్త వచ్చారు. హాలు నిండింది, కాదనను. కానీ కారు వచ్చేసరికి ఏడున్నర. వేదిక మీద తొమ్మిది కుర్చీలు. జ్యోతి వెలిగించడం, ప్రార్థన గీతం, అధ్యక్షుల తొలిపలుకులు, ఆత్మీయ అతిథుల మాటలు, శాలువాలు. అసలు మనిషి చేతికి మైకు అందేసరికి ఎనిమిదిన్నర దాటింది. వెనక వరసల్లో పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు అప్పటికే లేచి వెళ్ళిపోయారు. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఆ ప్రసంగం నేను అంతకుముందే యూట్యూబ్‌లో విన్నాను, ఉదాహరణలతో సహా అదే. కారు, రూము, భోజనాలు, కవరు, శాలువా అన్నీ కలిపి 14 వేలయింది. ఏడాది మొత్తానికి మాకు చందాలు వచ్చింది 45 వేలు.

ఫిబ్రవరిలో ఒప్పుకున్న వక్త రాలేకపోతే, ఆఖరి నిమిషంలో జాండ్రపేట నుంచి ఒక పెద్దాయన్ని బతిమాలి తీసుకొచ్చాం. వాళ్ళ నాన్న తేలియా రుమాళ్ళకి నూలు తయారుచేసేవాడు. ఒకప్పుడు ఇక్కడి నుంచి బర్మాకీ అరబ్బు దేశాలకీ వెళ్ళిన గళ్ళ రుమాళ్ళు అవి. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. ఈయన చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఆ పని నేర్చుకున్నాడు. మైకు ముందు నిలబెడితే పది నిమిషాల్లో మాట ఆగిపోయింది. చేతులు వణికాయి. మాకూ టెన్షన్. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "తాతా, నూలుకి నూనె పెడితే రంగు ఎట్లా అంటుకుంటుంది? నూనె మీద నీళ్ళు నిలవవు కదా?" అని అడిగింది.

ఆయన మైకు పక్కన పెట్టేసి జేబులోంచి నూలు చిలప తీశాడు. ఆముదం కాయల తొక్కు కాల్చి, ఆ బూడిద నీళ్ళలో నూనె కలిపితే పాలలాగా తెల్లగా అవుతుందనీ, అందులో నూలుని రోజుల తరబడి తడిపి, పిండి, ఎండబెట్టి, మళ్ళీ తడపాలనీ చేతులతో చేసి చూపించాడు. పిండేటప్పుడు మణికట్టు ఎటు తిప్పాలో, ఎంత దూరం తిప్పితే పోగు తెగుతుందో కూడా. జనం కుర్చీలు ముందుకు లాక్కున్నారు. తొమ్మిదింటికి వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వచ్చేదాకా ఎవరూ లేవలేదు. ఖర్చు: ఆటో, టీ, ఒక శాలువా.

ఇంత ఊళ్ళో పెట్టుకుని 14 వేలు పోసి యూట్యూబ్ ప్రసంగం మళ్ళీ వినడం నాకు నచ్చడం లేదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్

అబ్బాయ్, ఆ రెండు సాయంత్రాలకీ నేనూ ఉన్నాను. నువ్వు చెప్పింది నిజమే. కానీ రెండు సభలు చూసి సీజన్ మొత్తానికి రూలు పెట్టకూడదు. ఒక వక్త ఆలస్యంగా వచ్చాడని వక్తలందరినీ తీసేస్తామా? తొమ్మిది కుర్చీలు వేసింది మనం, ఆయన కాదు.

ఈ ఊరి చరిత్రలో అందరికంటే పెద్ద వక్త ఎవరు? ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆయన చీరాలలో పుట్టలేదు. పుట్టింది పెనుగంచిప్రోలు, చదివింది ఎడిన్‌బరో. మున్సిపాలిటీ పన్నులు మాకొద్దని 1921లో చీరాల-పేరాల జనం ఇళ్ళు వదిలేసి రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారంటే, దానికి సొంతూళ్ళో కబుర్లు చెప్పుకుంటే వచ్చిన ధైర్యం చాలదు. బయట ప్రపంచం చూసినవాడు వచ్చి నిలబడి మాట్లాడితే వచ్చిన ధైర్యం అది. గ్రంథాలయోద్యమమూ అంతే. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది ఊరూరి మనుషులు ఒకచోట చేరి ఒకరి మాట ఒకరు వినడానికే. ఆ ఉద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊళ్ళు తిరిగింది ఎవరి ఊరివాళ్ళు వాళ్ళ మాటలే వినమని చెప్పడానికి కాదు.

ఇంకో సంగతి. పోయిన సీజన్‌లోనే మన ఊరాయన ఒకరు చీరాల-పేరాల మీద మాట్లాడారు. ఒకే ప్రసంగంలో రామ్‌నగర్‌కి వెళ్ళినవాళ్ళ సంఖ్య రెండుసార్లు మారింది. ఎవరూ లేచి అడగలేదు. తెలిసినాయన, బంధువు, ఎట్లా అడుగుతాం? రేపు పిల్లలు అదే రాసుకుంటారు. బయటి నుంచి వచ్చినవాళ్ళనైతే మొహమాటం లేకుండా ప్రశ్న అడగొచ్చు. దీన్ని నువ్వు లెక్కలోకి తీసుకోలేదు.

పేరాల కోడలు

మాస్టారూ, అన్నయ్యా, ఇద్దరికీ ఒక మాట. బయటివాళ్ళా ఊరివాళ్ళా అని మీరు వాదించుకుంటున్నారు గానీ, ఆరున్నర అనేది ఎవరి టైమ్? ఆ వేళకి మా ఇళ్ళల్లో పొయ్యి మీద అన్నం ఉంటుంది, పిల్లలు ట్యూషన్ నుంచి వస్తారు. ఐదేళ్ళుగా ఇక్కడున్నాను, మీ ఉపన్యాసాలకి మూడుసార్లే రాగలిగాను. మూడుసార్లూ నాతో కలిపి ఆడవాళ్ళం ఆరుగురం. ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకి వదిలేయండి, ఎంతమంది వస్తారో చూడండి.

"మన ఊరివాళ్ళు" అంటే కూడా మీ లిస్టులో అందరూ మగవాళ్ళే ఉంటారని నా అనుమానం. వేటపాలెంలో జీడిపప్పు కొట్టే ఆడవాళ్ళున్నారు. తొక్కలోంచి కారే జిగురు తగిలితే చర్మం కాలిపోతుందని చేతులకి బూడిద రాసుకుని కూర్చుంటారు. పప్పు చితక్కుండా ఒక్క దెబ్బకి గింజ ఎట్లా పగలగొట్టాలో మా అత్తగారు చూపిస్తే నాకు వారం పట్టింది, వేళ్ళ మీద ఇంకా మచ్చలున్నాయి. గుండు పప్పుకి ఒక ధర, ముక్కకి ఇంకో ధర. ఒక దెబ్బ తప్పితే ఎవరి కూలి తగ్గుతుందో ఆమె చెప్తే వినండి. ముప్పై ఏళ్ళు కాన్పులు చూసిన రిటైర్డ్ నర్సు మా వీధిలోనే ఉన్నారు. ఆవిడని ఇంతవరకు ఎవరూ మాట్లాడమని అడగలేదు. నేను అడిగితే, "నేనేం చెప్తానమ్మా" అన్నారు. గంటన్నర చెప్పారు.

పుణెలో చీరాలవాడు

ఇక్కడ పుణెలో వసంత వ్యాఖ్యానమాల అని ఉంది. 1875లో మహాదేవ గోవింద రనడే మొదలుపెట్టారు. ఎండాకాలంలో రోజూ సాయంత్రం ఒక ఉపన్యాసం, దాదాపు నెల రోజులు. నేను రెండుసార్లు వెళ్ళాను. మరాఠీ సగమే అర్థమైంది, కానీ నాకు నచ్చింది వేరే. నా పక్కన కూర్చున్న ముసలాయన్ని ఈరోజు ఎవరు మాట్లాడతారని అడిగితే, బోర్డు చూసి చెప్పాడు. ఆయన వచ్చింది వక్త కోసం కాదు. ఎండాకాలం వచ్చింది, సాయంత్రమైంది, ఉపన్యాసం ఉంటుంది, అంతే.

మన దగ్గర పెద్ద పేరుంటేనే వస్తారు, లేకపోతే రారు అని భయపడుతున్నాం. ఆ భయం పోవాలంటే వేళ తప్పకూడదు. వక్త రాకపోయినా చెప్పిన నిమిషానికి ఎవరో ఒకరు లేచి మాట్లాడాలి.

జాండ్రపేట మగ్గం

పాఠకుడు గారూ, ఫిబ్రవరిలో మాట్లాడిన పెద్దాయన మా బంధువే. మీరు ఆయన్ని మెచ్చుకున్నందుకు సంతోషం. కానీ "ఖర్చు: ఆటో, టీ, ఒక శాలువా" అని మీరు గొప్పగా రాసిన వాక్యం చదివితే నాకు బాధేసింది.

ఆయన ఆరోజు మధ్యాహ్నం నుంచి మగ్గం ఎక్కలేదు. ఉతికిన చొక్కా కోసం, నూలు చిలప వెతకడానికి, ఏం చెప్పాలో అనుకోవడానికి పూట మొత్తం పోయింది. పూట పోతే కూలి పోయినట్టే. వానాకాలంలో మగ్గం కింది గుంటలోకి నీళ్ళొచ్చి మగ్గాలు ఎలాగూ ఆగుతాయి, నడిచే నెలల్లోనే నాలుగు డబ్బులు. బయటి నుంచి వచ్చినాయనకి కవరు ఇచ్చారు, ఈయనకి శాలువా ఇచ్చారు. నేతగాడికి శాలువా ఎందుకండీ? ఇంట్లో ఉన్నది బట్టే కదా.

ఊరివాళ్ళని పిలవండి, మంచిదే. చౌకగా అయిపోతుందని మాత్రం పిలవద్దు. ఎవరొచ్చినా ఒకటే కవరు అని తీర్మానం చేయండి, అప్పుడు నేను మీ వైపు.

రిటైర్డ్ హెడ్మాస్టర్

ఈ అబ్బాయి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒకటే కవరు. నేను ఆదివారం ప్రతిపాదిస్తాను.

కానీ నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. ఫిబ్రవరి సభ చివర్లో ఏం జరిగిందో పాఠకుడు సగమే చెప్పాడు. ఆ అమ్మాయి అడిగిన "ఎట్లా అంటుకుంటుంది" అన్నదానికి పెద్దాయన చేసే పద్ధతి చూపించాడు. కారణం అడిగితే, "మా నాన్న ఇట్లాగే చేసేవాడు" అన్నాడు. అప్పుడు మూడో వరసలో ఉన్న కెమిస్ట్రీ లెక్చరర్ లేచాడు. బూడిదలో క్షారం ఉంటుంది, అది నూనెని విడగొట్టి నీళ్ళలో కలిసేలా చేస్తుంది, పోగులోకి దిగిన ఆ నూనె పటికని పట్టి ఉంచుతుంది, పటిక రంగుని పట్టి ఉంచుతుంది అని బోర్డు మీద గీసి చెప్పాడు. అందుకే ఉతికినా ఎరుపు పోదని. ఆ అమ్మాయి అప్పుడు కూర్చుంది. లెక్చరర్ ఆరోజు ఊరికే వినడానికి వచ్చాడు. రాకపోయి ఉంటే?

చదువుకున్న మనిషి వేదిక మీద ఉండాలని నేనంటున్నది ఇందుకే. వేటపాలెం సారస్వత నికేతనం పక్కనే ఉంది. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం. పాత పత్రికలు చూడటానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు, రోజుల తరబడి ఇక్కడే ఉంటారు. వాళ్ళని మనం ఒక్క సాయంత్రం అడిగామా? హైదరాబాద్ నుంచి కారు పంపి తెప్పించడం ఎందుకు, మన గుమ్మం ముందు నుంచి వెళ్తున్నవాళ్ళు ఉండగా.

కొత్తపేట పాఠకుడు

ముందు జాండ్రపేట తమ్ముడికి. ఆ వాక్యం రాసినప్పుడు మిగిలిన డబ్బు చూశాను, పోయిన పూట చూడలేదు. తప్పు నాదే. పోయిన సీజన్ లెక్కల్లోంచి ఆయనకి ఇవ్వాల్సింది ఈ వారమే ఇచ్చేలా కోశాధికారితో మాట్లాడాను.

మాస్టారూ, దుగ్గిరాల వారి మాట మీరు తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. ఆయన బయటి నుంచి వచ్చినవారే. కానీ కారు దిగి గంట మాట్లాడి వెళ్ళిపోలేదు. రామదండు అని స్వచ్ఛంద సేవకుల దళాన్ని కట్టి, ఊరివాళ్ళతో కలిసి ఉండి, వాళ్ళతో పాటు కష్టపడ్డారు, ఆ పోరాటం నడుస్తుండగానే జైలుకి వెళ్ళారు. అలాంటివాళ్ళు దొరికితే ఎనిమిది సాయంత్రాలూ వాళ్ళకే ఇద్దాం. నా గొడవ బయటివాళ్ళతో కాదు, మన ఊరు ఏదో తెలుసుకోకుండా వచ్చి అన్ని ఊళ్ళలో చెప్పిందే ఇక్కడా చెప్పి వెళ్ళేవాళ్ళతో.

అంకెలు మారిపోయిన సంగతి మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. నేనూ ఆ సభలో ఉన్నాను, నేనూ అడగలేదు. అందుకని ఆదివారానికి ఇట్లా తీసుకెళ్తున్నాను: ప్రతి సాయంత్రం ఇద్దరు. ఒకరు పని చేసినవాళ్ళు, ఇంకొకరు దాన్ని చదివినవాళ్ళు. నూలు పెద్దాయన పక్కన కెమిస్ట్రీ లెక్చరర్. నర్సమ్మ పక్కన ఒక డాక్టరు. చీరాల-పేరాల కథ చెప్పేవాళ్ళ పక్కన వేటపాలెంలో ఆ కాలం పత్రికలు తిరగేసిన పరిశోధకులు. ఇద్దరికీ ఒకటే కవరు. వేదిక మీద రెండు కుర్చీలు, మూడోది లేదు. ఐదింటికి మొదలు. దూరం నుంచి పిలిచే పేరున్న వక్తలకి రెండు సాయంత్రాలు ఉంచుతాను, మూడు మాత్రం ఒప్పుకోను. ఈ విషయంలో మాస్టారికీ నాకూ ఓటింగ్ తప్పేలా లేదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్

మూడు. డాక్టరు నర్సమ్మని మాట్లాడనిస్తాడా అన్నది కూడా ఆలోచించు.

పేరాల కోడలు

మాస్టారు సరిగ్గా అన్నారు. నర్సమ్మని ముందు మాట్లాడనివ్వండి, ఆవిడ అయిపోయిందన్నాకే డాక్టరు లేవాలి. అది రాసి పెట్టండి.

కొత్తపేట పాఠకుడు

రాసుకున్నాను. ప్రతి సాయంత్రం పని చేసినవాళ్ళదే మొదటి మాట.

నిన్న సాయంత్రం జాండ్రపేట వెళ్ళి పెద్దాయన్ని కలిశాను. నవంబర్‌లో మొదటి ఉపన్యాసం ఆయనదే అయితే బాగుంటుందని అడిగాను. మాట్లాడటం తన వల్ల కాదన్నాడు. చేసి చూపిస్తానన్నాడు. స్టేజీ మీద రెండు తొట్లు, ఒక బండ కావాలట. నూలు పదిహేను రోజుల ముందు నుంచీ తడపడం మొదలుపెట్టాలి, సభకి వచ్చేసరికి రంగుకి సిద్ధంగా ఉండాలి. ఆముదం కాయల తొక్కు ఇప్పుడు ఎక్కడా కనపడటం లేదని దిగులుపడుతున్నాడు. ఒకటి రెండు బస్తాలైనా కావాలి. మీలో ఎవరికైనా ఆముదం పంట వేసే రైతులు తెలిస్తే చెప్పండి, ఆటో నేను మాట్లాడుకుంటాను.