వైజాగ్ నుంచి ఏడాది పొడవునా ఆరుబయట: ఏ కాలంలో ఎటు వెళ్ళాలి, ఏమేం పట్టుకెళ్ళాలి?

గాజువాక_నడక:

అందరికీ నమస్కారం. ఇంట్లో మేమిద్దరం, 9, 12 ఏళ్ళ పిల్లలు, 64 ఏళ్ళ మా నాన్నగారు. నెలకు రెండు ఆదివారాలైనా అందరం కలిసి ఆరుబయట గడపాలని అనుకుంటున్నాం, అది కూడా ఏడాదంతా. డిసెంబరులో ఒక రాత్రి అరకు, లంబసింగి వైపు టెంట్‌లో పడుకోవాలంటే పిల్లలకు ఏమేం కావాలి? వానాకాలంలో గెడ్డలు (కొండవాగులు), జలపాతాల దగ్గరికి పిల్లలతో వెళ్ళడం మంచిదేనా? మార్చి నుంచి తొలకరి దాకా ఇంట్లో కూర్చోవడమేనా, వేరే దారి ఉందా? నాన్నగారికి బీపీ మాత్రలు ఉన్నాయి, నడక బాగానే నడుస్తారు. కొలతలతో సహా చెబితే సంతోషం.

మబ్బులకొండ:

చలి సంగతి నుంచి మొదలుపెడతాను, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

అరకు, పాడేరు, లంబసింగి అన్నీ సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1000 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది కదా, వైజాగ్‌లో తెల్లవారుజామున 18 ఉంటే అక్కడ 12 ఉంటుంది, ఒక స్వెట్టర్ చాలు అని లెక్కేసుకుని వెళ్తారు. కానీ డిసెంబరు, జనవరిలో అక్కడ 5 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. దీనికి కారణం ఎత్తు ఒక్కటే కాదు. ఆకాశం తేటగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. నేలనంటి ఉన్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. అందుకని టెంట్‌ను లోయ అడుగున, పొలం గట్ల పక్కన, గెడ్డ ఒడ్డున వేయకండి. వాలు మీద కాస్త పైన సమంగా ఉన్న చోటు చూసుకుంటే రెండు మూడు డిగ్రీలు తేడా తెలుస్తుంది, టెంట్ కూడా తక్కువ తడుస్తుంది.

అల్పపీడనం పట్టి మబ్బు కమ్మిన రాత్రి చలి తగ్గుతుంది, పొద్దున్న మబ్బుల సముద్రం కూడా కనిపించదు. ఆ మబ్బుల కోసం పాడేరు దగ్గరి వంజంగి కొండకే వెళ్తుంటే వాన వెలిసి ఒకటి రెండు రోజులై, నేల ఇంకా తడిగా, ఆకాశం తేటగా, గాలి నిలకడగా ఉన్న రాత్రిని ఎంచుకోండి. సూర్యోదయం ఆరున్నరకు అటూ ఇటూ. చివరి భాగం చీకట్లో కొండ ఎక్కడమే కాబట్టి మనిషికో హెడ్‌లైట్ ఉండాలి. సూర్యుడు వచ్చాక కాసేపటికి నేల వేడెక్కి మబ్బు పైకి లేస్తుంది, అప్పటిదాకా ఏమీ కనిపించని వాళ్ళకు అప్పుడే కనిపించడం మొదలవుతుంది. ఏడింటికే దిగిపోకండి.

ఇక పడక. పైన ఎంత కప్పుకున్నా కింది నుంచి నేల వేడిని లాగేస్తుంది. 10 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ ఒక్కటి చాలదు, ఒకదాని మీద ఒకటి రెండు వేయండి. గాలి నింపే మామూలు పరుపు మెత్తగా ఉంటుందే తప్ప వెచ్చగా ఉండదు, లోపలి గాలి కూడా చల్లబడుతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలు ఉంటాయి. దుకాణంలో పెద్ద అక్షరాలతో చూపించేది ఎక్స్‌ట్రీమ్ అయితే నమ్మకండి, అది ప్రాణం నిలవడానికే గానీ నిద్రకు కాదు. కంఫర్ట్ అంకె 5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది తీసుకోండి. పిల్లలను పెద్దవాళ్ళ బ్యాగుల్లో పడుకోబెడితే కాళ్ళ దగ్గర ఖాళీ ఉండి వెచ్చబడదు, ఆ ఖాళీలో మడిచిన స్వెట్టర్ కుక్కండి. ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు. కొండ ఎక్కినప్పుడు పట్టిన చెమట నూలులో ఆరదు, రాత్రికి అదే చలి. పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఉన్నిది, పైన గాలి ఆపే జాకెట్. పడుకునే ముందు సాక్సు మార్చడం తప్పనిసరి.

పొద్దున్న టెంట్ లోపలి గోడలు తడిగా ఉంటే కుట్ల దగ్గర కారిందని చాలామంది అనుకుంటారు. అయిదుగురి ఊపిరిలోని తేమ చల్లని గుడ్డకు తగిలి నీరైనదే అది. చలి అని జిప్పులన్నీ బిగించేస్తే ఇంకా ఎక్కువ. రెండువైపులా పైభాగంలో జానెడు తెరిచి ఉంచండి, పైన వేసే ఫ్లై లోపలి గుడ్డకు ఎక్కడా తగలకుండా తాళ్ళు లాగి కట్టండి. మేకులు టెంట్‌కు అవతలి వైపు వంగి ఉండేలా 45 డిగ్రీల ఏటవాలుగా దిగగొట్టాలి, నిటారుగా కొడితే ఈదురుగాలికి ఊడిపోతాయి. అడుగున పరిచే షీట్ టెంట్ అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే మంచు నీరు దాని మీద పడి కిందికి చేరుతుంది.

నన్నడిగితే ఏడాదిలో మంచి సమయం నవంబరు ఆఖరు. వలిసె పూలు ఇంకా ఉంటాయి, న్యూ ఇయర్ జనం ఇంకా రారు. కాకపోతే అది తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే ఆ వారం ప్రయాణం వాయిదా వేయండి.

గెడ్డవార:

వానాకాలం గురించి నేను చెబుతాను. వెళ్ళచ్చు, వెళ్ళాలి కూడా. ఆగస్టు, సెప్టెంబరులో అనంతగిరి ఘాట్ అంత పచ్చదనం మరి ఎప్పుడూ ఉండదు. కానీ నీళ్ళను చూడటం వేరు, నీళ్ళలో దిగడం వేరు. పిల్లలతో ఉన్నప్పుడు జూన్ నుంచి అక్టోబరు దాకా చూడటం వరకే పెట్టుకోండి.

గెడ్డ ప్రమాదం ఏమిటంటే, మీ నెత్తిన ఎండ కాస్తుండగానే పొంగుతుంది. వాన పైకొండ మీద పడుతుంది, ఆ నీరంతా అరగంటా గంటలో కిందికి వచ్చేస్తుంది. ముందు తేట నీరు మట్టి రంగుకు మారుతుంది. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తాయి. చప్పుడు పెరుగుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనబడినా సామాన్లు సర్దుకోకుండా ఒడ్డు మీద పైకెక్కండి, అదీ మీరు వాహనం పెట్టిన వైపు ఒడ్డుకే. మోకాలి లోతు నీరైనా వేగం ఉంటే పెద్ద మనిషినీ పడేస్తుంది. అవతల చిక్కుకుంటే దాటడానికి ప్రయత్నించకండి. చిన్న గెడ్డలు వాన ఆగిన కొన్ని గంటల్లో తగ్గుతాయి, ఆగడమే మార్గం. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార చూడటానికి వెళ్ళిన పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే సహాయ బృందాలు వెళ్ళి తీసుకురావాల్సి వచ్చింది.

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి చూడటానికి చాలా నెమ్మదిగా ఉంటుంది, పలుచగా రాయి మీద జారే నీరు. వానాకాలంలో ఆ రాయికి పాకుడు పడుతుంది. జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. జలపాతాల కింద ఉండే గుండాల లోతు ఒడ్డు నుంచి తెలియదు, ఈత వచ్చినవాళ్ళు కూడా పైనుంచి పడే నీటి సుడికి అడుగునే ఉండిపోతారు.

బయలుదేరే రోజు పొద్దున్న వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక రంగు చూడండి. పసుపు అయితే మధ్యాహ్నానికి వెనక్కి వచ్చేలా వెళ్ళండి. నారింజ, ఎరుపు అయితే ఘాట్ రోడ్డు ఎక్కకండి, కొండచరియలు, చెట్లు రోడ్డు మీద పడతాయి. సూచనలో ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటడం, ‘అతి భారీ’ అంటే 115.6 నుంచి. ఆ రెండో మాట కనిపిస్తే మరునాడు కూడా గెడ్డల వైపు వద్దు.

అన్నట్టు వైజాగ్ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు వానాకాలానికి బాగా సరిపోతుంది. మీ నాన్నగారికి శ్రమ ఉండదు, వాన పడుతున్నా కిటికీలోంచి లోయలన్నీ చూడచ్చు.

పిడుగులు వేరే సంగతి. అవి ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఎక్కువ, తిరిగి సెప్టెంబరు, అక్టోబరులో. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినబడితే 10 కిలోమీటర్లలోపే ఉంది, అంటే తరువాతి పిడుగు మీ దగ్గర పడగలదు. కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చోండి. టెంట్, తాటిచెట్టు, జీడిమామిడి చెట్టు, రేకుల చిన్న పాక ఏవీ రక్షణ కాదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పడే పిడుగుల హెచ్చరిక వస్తుంది, కాకపోతే కొండల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి చెవులనే నమ్మండి.

పొద్దుపొడుపు:

ఎండాకాలం ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు, గడియారం మార్చుకుంటే చాలు. ఉదయం 5:30 నుంచి 8 దాకా, సాయంత్రం 5 తరువాత. మధ్యలో వద్దు.

వైజాగ్‌లో సమస్య ఉక్కపోత. 35 డిగ్రీలే కదా అనుకుంటారు గానీ గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రాయలసీమలో 40లో నడిచే మనిషి ఇక్కడ 35లో కూలబడచ్చు. అందుకే తీర ప్రాంతానికి వాతావరణ శాఖ వడగాలి లెక్కను 40 నుంచి కాకుండా 37 నుంచే చూస్తుంది, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే.

నడిచేటప్పుడు పెద్దవాళ్ళకు గంటకు ముప్పావు లీటరు, ఒకేసారి కాదు, పావుగంటకోసారి నాలుగు గుక్కలు. గంట దాటితే ఉప్పు కూడా కావాలి: ఓఆర్ఎస్ పొడి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా (పోగు లేకుండా) కొలిచి. పల్చని చోడి (రాగి) అంబలి, మజ్జిగ కూడా మంచివే. నాన్నగారి బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉండచ్చు, వేసవికి ముందు డాక్టరును అడిగి నీరు, ఉప్పు ఎంతో తెలుసుకోండి. మాట తడబడటం, తికమక పడటం, ఒళ్ళు కాలిపోవడం కనబడితే అది వడదెబ్బ. ముందు నీడకు చేర్చి, మెడ, చంకలు, గజ్జలు, ఒళ్ళంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనప్పుడు నీళ్ళు తాగించకండి.

ఎటు అంటే: మార్చి దాకా కంబాలకొండ ఉదయం నడక. ఎర్రమట్టి దిబ్బలు సాయంత్రం మాత్రమే, అక్కడ నీడ ఉండదు, గల్లీల్లాంటి లోతు దారులన్నీ ఒకేలా ఉండి దిక్కు తెలియదు కాబట్టి చీకటి పడక ముందే బయటికి రావాలి. పిల్లలకు నేను ముందుగా చెప్పేది ఆలివ్ రిడ్లే తాబేళ్ళ సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడి తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. అటవీ శాఖ సంరక్షణ కేంద్రాల నుంచి వాటిని సముద్రంలోకి వదిలే రోజులు ముందుగా అడిగి తెలుసుకోండి. టార్చి, ఫోన్ ఫ్లాష్ వేయకూడదు, అవి వెలుతురు చూసి దారి తప్పుతాయి.

సముద్రంలో స్నానం మాత్రం నైరుతి వచ్చాక మానుకోండి. అల విరగకుండా నల్లగా, నిమ్మళంగా కనిపించే పట్టీయే లోపలికి లాగే ప్రవాహం. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడి, అప్పుడు అలతోపాటు రావాలి.

గాజువాక_నడక:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. ఒక్క అనుమానం. రాత్రి చలి ఎక్కువైతే టెంట్ లోపల చిన్న బొగ్గుల కుంపటి గానీ గ్యాస్ స్టవ్ గానీ పెట్టుకోవచ్చా?

మబ్బులకొండ:

రెండూ వద్దు, జిప్ తెరిచి ఉంచినా వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వేడినీళ్ళు స్టీలు సీసాలో పోసి, మూత బిగించి, సాక్సులో దూర్చి పిల్లల కాళ్ళ దగ్గర పెట్టండి. చాలాసేపు వెచ్చగా ఉంటుంది. బయట చలిమంట వేస్తే అడవిలో కాకుండా అనుమతి ఉన్న చోటే, పడుకునే ముందు నీళ్ళు పోసి, బూడిద కలియబెట్టి, చేతికి చల్లగా తగిలేదాకా ఆర్పాలి.

గ్యాస్ గురించి ఇంకో మాట. చిన్న క్యాంపింగ్ సిలిండర్లలో ఉత్త బ్యూటేన్ ఉంటే 5 డిగ్రీల దగ్గర మంట నీరసపడుతుంది, ఎందుకంటే బ్యూటేన్ ఆవిరయ్యేది −0.5 డిగ్రీల దగ్గర, చలికి లోపలి ఒత్తిడి దాదాపు పోతుంది. ప్రొపేన్ కలిసినది కొనండి. లేదంటే వాడబోయే ముందు చేతుల మధ్యో జాకెట్ లోపలో పది నిమిషాలు ఉంచండి, మంటకు చూపించకండి.

గెడ్డవార:

ఏజెన్సీ నుంచి వచ్చిన నెల లోపు ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుకు అడవికి వెళ్ళొచ్చామని చెప్పండి. మలేరియా రక్తపరీక్ష చేయించండి. ఒంటి మీద, ముఖ్యంగా చంక, నడుము, మోకాలి వెనక, సిగరెట్ కాల్చినట్టు నల్లని పొక్కు ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో ఉండే కంటికి కనిపించని పురుగు కుట్టడం వల్ల వస్తుంది, నొప్పి ఉండదు కాబట్టి వెతికి చూడాలి. త్వరగా పట్టుకుంటే మామూలు మాత్రలతో తగ్గుతుంది. గడ్డి మీద నేరుగా కూర్చోకుండా షీట్ పరచడం, ప్యాంటు అంచులు సాక్సులోకి దూర్చడం, ఇంటికి రాగానే ఆ బట్టలు వేడినీళ్ళలో ఉతకడం చాలు.