ఈ వారం సమస్య: గురువు గెలిచె నపుడె గురువె యోడె

నిర్వాహకుడు:

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. మిగతా మూడు పాదాలు మీవి. ఈసారి పూరణకు కథ కూడా నిర్ణయిస్తున్నాను. అమెరికా ప్రతినిధుల సభకు 2014లో వర్జీనియా 7వ నియోజకవర్గం నుంచి పోటీ చేసిన డేవ్ బ్రాట్ కథ.

మిచిగన్‌లో పుట్టి పెరిగి, హైస్కూలు నాటికి మినిసోటా చేరినవాడు. హోప్ కాలేజీలో డిగ్రీ, తర్వాత ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీలో దైవశాస్త్రం, ఆ తర్వాత అమెరికన్ యూనివర్సిటీలో అర్థశాస్త్రంలో డాక్టరేటు. 1996 నుంచి ఆష్లండ్ అనే చిన్న ఊళ్ళో రాండల్ఫ్ మేకన్ కాలేజీలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుంటుండేవాడు. బడ్జెట్ అదుపు, స్వేచ్ఛా విపణి, మత విశ్వాసం, వలసల మీద గట్టి పట్టు: ఇవీ ఆయన నమ్మకాలు. నిఖార్సయిన సంప్రదాయవాది.

ఎదుట నిలిచింది ఎరిక్ కేంటర్. సొంత పార్టీవాడే, సభలో రిపబ్లికన్ల మెజారిటీ లీడర్, రేపో మాపో స్పీకర్ అవుతాడని అందరూ అనుకుంటున్నవాడు. కేంటర్ ప్రచారానికి 50 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. బ్రాట్ పోగేసింది దాదాపు 2 లక్షలు. కేంటర్ సొంతంగా చేయించుకున్న సర్వే తాను 34 పాయింట్లు ముందున్నానని చెప్పింది. జూన్ 10న ప్రైమరీ, అంటే నవంబరు ఎన్నికకు పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, ఓట్లు లెక్కపెడితే బ్రాట్‌కు 55.5 శాతం, కేంటర్‌కు 44.5. ఆ పదవి 1899లో ఏర్పడ్డాక, పదవిలో ఉన్న మెజారిటీ లీడర్ ప్రైమరీలో ఓడడం అదే మొదలు.

పొగడ్త, తెగడ్త ఎవరిష్టం వారిది. వాస్తవం తప్పిన పూరణను మాత్రం ఒప్పుకోను.

గోదారి గట్టు:

అయ్యా, ఈ కథలో సమస్యకు సరిగ్గా సరిపోయే ఘట్టం నవంబరు ఎన్నిక. డెమొక్రాట్ల పక్షాన నిలిచిన జాక్ ట్రామెల్ కూడా అదే కాలేజీలో ఆచార్యుడే కదా!

ఒక్క బడిని జెప్పు నొజ్జలిద్దరు నిల్వ
వీధి వీధి తిరిగి వేడ నోట్లు
బ్రాటు గద్దె నెక్క ట్రామెలు వెనుదిర్గె
గురువు గెలిచె నపుడె గురువె యోడె

పద్యపిపాసి:

బాగుంది అన్నయ్యగారూ. మూడో పాదంలో బ్రా, ట్రాలకు యతి ఎలా కుదిరింది? ఇంకోటి, 'నెక్క' తర్వాత 'ట్రా' వచ్చింది కాబట్టి ముందున్న 'క్క' గురువైపోదా?

నిర్వాహకుడు:

రెండూ మంచి ప్రశ్నలే అమ్మా. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది. రెండింటిలోనూ రేఫ ఉంది, స్వరం ఆ. యతికి ఢోకా లేదు. 'నెక్క', 'ట్రామెలు' విడి పదాలు, సమాసం కాదు. కాబట్టి 'క్క' లఘువే.

నా అభ్యంతరం రెండో పాదం మీద. 'వేడన్ ఓట్లు' అని మీ ఉద్దేశం. చెవికి మాత్రం 'నోట్లు' అడిగినట్టు వినిపిస్తోంది. డబ్బు లేకుండా గెలిచిన మనిషి కథలో ఆ ధ్వని అన్యాయం. 'వీధి వీధి తిరిగి వేడుకొనగ' అనండి, గణాలు కుదురుతాయి, అర్థం నిలుస్తుంది. కథలో ఇద్దరు గురువులున్నారని పట్టుకున్న మొదటి పూరణ ఇదే. మెచ్చుకుంటున్నాను.

తెనాలి మాస్టారు:

నేను జూన్ ప్రైమరీనే తీసుకున్నాను. రెండో 'గురువు'ను పెద్దవాడు, ఘనుడు అన్న అర్థంలో వాడాను.

కోట్ల డాలరులను గుమ్మరించెను నేత
మాంసవిందు లిడుచు మచ్చికగను
చేత సంచి లేని చిన్నవా డెదురయ్యె
గురువు గెలిచె నపుడె గురువె యోడె

నిర్వాహకుడు:

మాస్టారూ, పద్యం నడక మీ చేతివాటమే. మూడో పాదంలో 'చిన్నవాడు' అని, నాలుగో పాదంలో 'గురువు'ను ఘనుడనడం చక్కటి పోహళింపు. మాంసవిందులు కల్పన కాదని తెలియని సభ్యుల కోసం చెబుతున్నాను. కేంటర్ ప్రచార లెక్కల్లో స్టేక్‌హౌస్ హోటళ్ళకు చెల్లించిన మొత్తమే దాదాపు 1,68,000 డాలర్లు. ప్రైమరీకి ముందు సమర్పించిన లెక్కల ప్రకారం బ్రాట్ మొత్తం ప్రచారానికే అంత కాలేదు. ఓడిన మర్నాడు పత్రికలన్నీ ఆ అంకెనే పట్టుకున్నాయి.

అయితే 'కోట్ల' కుదరదు. 50 లక్షలు దాటిందే తప్ప కోటికి చేరలేదు. 'కూర్చి డాలరులను గుమ్మరించెను నేత' అంటే వాస్తవానికీ యతికీ ఇబ్బంది లేదు. కేంటర్ అంత డబ్బు కూర్చగలగడమే ఆయన బలం కూడాను, పార్టీలో ఎందరి ప్రచారాలకో ఆయనే నిధులు సమకూర్చేవాడు.

గ్లెన్ ఆలెన్ వాసి:

నమస్కారమండీ. రిచ్‌మండ్ శివార్లలో హెన్రైకో కౌంటీ మాది. ఇక్కడ మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నాం. ఆ ప్రచారం డబ్బు లెక్కల దగ్గరే ఆగలేదు, వలసల మీద చాలా గట్టిగా సాగింది. కేంటర్ చట్టవిరుద్ధంగా వచ్చినవాళ్ళకు క్షమాభిక్ష ఇస్తాడని బ్రాట్ ఊరూరా చెప్పాడు. రేడియోలో లారా ఇంగ్రహం లాంటివాళ్ళు ఆ మాటకు బలమిచ్చారు. పెద్ద కంపెనీలకూ వాషింగ్టన్‌కూ ఉన్న చుట్టరికాన్ని కూడా ఆర్థికవేత్తగా ఎండగట్టాడు. నా పూరణలో ఆయన పూర్వాపరాలు చెప్పే ప్రయత్నం చేశాను.

మిచిగాన్‌లో పుట్టి మినిసోటలో బెర్గి
దైవ శాస్త్ర మఱసి ధనము జదివి
తోటి యొజ్జ యెదుట తొడగొట్టి నిలువగ
గురువు గెలిచె నపుడె గురువె యోడె

తెనాలి మాస్టారు:

అమ్మాయ్, మొదటి పాదంలో గణభంగమైంది. 'మిచిగాన్' దగ్గర సగణం పడింది, అక్కడ సూర్యగణం ఉండాలి. 'మిచిగనునను బుట్టి' అని దిద్దుకో. న, న, హ గణాలొచ్చి పాదం సాఫీగా నడుస్తుంది. 'దై'కి 'ధ' యతి భేషుగ్గా ఉంది. దైవం, ధనం పక్కపక్కన నిలవడం ఈ మనిషి చదువుకు అద్దం పట్టింది.

నిర్వాహకుడు:

మాస్టారి సవరణే నాదీ. 'తొడగొట్టి' మాత్రం మన పల్నాటి వీరులకు తగిన మాట. ఒకే కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఇద్దరి మధ్య పోటీకి కాస్త ఎక్కువేమో ఆలోచించండి. ఇక వలసల సంగతి మీరు చెప్పింది ముఖ్యం. అదొక్కటే కారణమని నేననను. కేంటర్ నియోజకవర్గంలో కనిపించడమే తగ్గిపోయిందన్న అసంతృప్తి బలంగా ఉండేది. ఓట్ల తేడా 7 వేలకు పైచిలుకు. ఇంత పెద్ద నాయకుడు పడిపోవడానికి అన్ని ఓట్లే చాలాయంటే, ప్రైమరీకి ఎంత తక్కువమంది వస్తారో చూడండి. నా పూరణ ఆ సర్వే మీద:

ముప్పదియును నాల్గు ముందున్న దనుమాట
నమ్మి తెలియలేదు నాడి నేత
పట్నమెల్ల తనకు పంతులై బోధింప
గురువు గెలిచె నపుడె గురువె యోడె

ఇక్కడ మొదటి గురువు పట్నం, అంటే ఓటరు. రెండో గురువు మాస్టారు చూపిన ఘనుడే.

పద్యపిపాసి:

నేను కథ చివరికి వెళ్ళాను. 2018లో అదే బ్రాట్ అబిగెయిల్ స్పాన్‌బర్గర్ చేతిలో ఓడిపోయాడు. ఆమె సీఐఏలో పనిచేసి వచ్చింది.

నాలుగేండ్ల పిదప నారి యొక్కతె నిల్చె
గూఢచారిగాను గొలువు జేసి
బ్రాటు సీటు గొనెను, పంతులు దిగిపోయె
గురువు గెలిచె నపుడె గురువె యోడె

నిర్వాహకుడు:

గణాలు, యతులు అన్నీ సరే. అన్వయం దగ్గరే చిక్కు. సమస్యలో 'అపుడె' ఉంది. గెలుపూ ఓటమీ ఒకే సమయంలో జరగాలి. మీ పద్యంలో బ్రాట్ 2014లో గెలిచాడు, 2018లో ఓడాడు. నాలుగేళ్ళ ఎడం ఉంది.

గ్లెన్ ఆలెన్ వాసి:

అండీ, ఒక్క మాట. పద్యపిపాసిగారి పూరణను నిలబెట్టే ఆధారం ఉంది. స్పాన్‌బర్గర్ సీఐఏలో చేరకముందు కొన్నాళ్ళు ఉత్తర వర్జీనియాలో ఒక బడిలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పింది. సెలవు మీద వెళ్ళిన టీచర్ల బదులు పాఠాలు చెప్పే ఉద్యోగం. అది సౌదీ ప్రభుత్వ సాయంతో నడిచే బడి కావడంతో 2018 ప్రచారంలో ఆమె మీద టీవీ ప్రకటనలు వరసగా వచ్చాయి. మా ఇంట్లో టీవీ పెడితే చాలు, అవే. అంటే 2018లో గెలిచిన ఆవిడా గురువే, ఓడిన ఆయనా గురువే!

ఆ ఏడు శివారు పేటల్లో ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. ఆరోగ్య బీమా చట్టం గురించి తాను ఎక్కడికెళ్ళినా స్త్రీలే చుట్టుముట్టి నిలదీస్తున్నారని బ్రాట్ 2017లో ఒక సభలో అన్న మాట వాళ్ళకు బాగా గుర్తుండిపోయింది. తేడా 7 వేల ఓట్ల లోపే.

నిర్వాహకుడు:

ఇది తెలిశాక పద్యానికి ప్రాణమొచ్చింది. రెండో పాదం ఒక్కటి మారిస్తే చాలు, 'అపుడె' చక్కగా అతుకుతుంది:

నాలుగేండ్ల పిదప నారి యొక్కతె నిల్చె
గూఢచారి, మునుపు గురువు కూడ
బ్రాటు సీటు గొనెను, పంతులు దిగిపోయె
గురువు గెలిచె నపుడె గురువె యోడె

పద్యపిపాసిగారూ, ఈ వారం ఉత్తమ పూరణ మీదే. ఆధారం పట్టిచ్చిన చెల్లెమ్మకు అందులో సగం వాటా.