కడుపు బాగానే ఉందంటున్నా నోటి దుర్వాసన తగ్గడం లేదు, ఎవరికి చూపించాలి?

ప్రశ్న (గుంటూరు):
నేను మిర్చి యార్డులో గుమస్తాను, వయసు 48. రైతులతోనూ వ్యాపారులతోనూ దగ్గరగా నిలబడి మాట్లాడవలసిన పని కావడంతో, ఎదుటివారు మొహం పక్కకు తిప్పుకొన్నప్పుడల్లా తల కొట్టేసినట్లవుతోంది. రెండు పూటలా పళ్లు తోముకుంటాను, పొగ తాగను. అజీర్తి అని చెబితే చాలాకాలం గ్యాస్ మాత్రలు వాడాను, ఎండోస్కోపీలో ఏమీ లేదన్నారు. తోముకునేటప్పుడు బ్రష్‌కు రక్తపు చార అంటుతుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వేసుకుంటున్నాను. షుగరు పరీక్ష ఎప్పుడూ చేయించుకోలేదు.

జవాబు (దంతవైద్యుడు, విజయవాడ):
అయ్యా, ఆ రక్తపు చారే అసలు సంగతి చెబుతోంది. దీర్ఘకాలిక దుర్వాసనకు చాలామందిలో మూలం నోట్లోనే ఉంటుంది. అన్నవాహిక మామూలుగా మూసుకునే ఉంటుంది కనుక కడుపులోని వాసన ఊపిరితో బయటికి రావడం అరుదు. నాలుక వెనుక భాగంలోనూ, చిగురుకీ పంటికీ మధ్య గాలి సోకని సందుల్లోనూ చేరిన బాక్టీరియా మాంసకృత్తులను విడగొట్టి హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వంటి గంధకపు వాయువులను వదులుతుంది. చిగుళ్ల నిపుణులు ప్రోబు అనే సన్నని కొలత పుల్లతో ఆ సందుల లోతు కొలుస్తారు. 3 మి.మీ. వరకు మామూలే. అంతకు మించి ఉండి రక్తం కూడా వస్తుంటే స్కేలింగ్ చేసి, అంటే పళ్ల మీది గారను గీకి తీసి, పంటి వేళ్ల మీది గారను కూడా తీస్తారు. స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయన్న భయం మన వైపు ఎందుకు పోదో నాకు అర్థం కాదు, వదులు చేసేది ఆ గారే. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిస్తే చెప్పిన రోజులే వాడండి, ఎక్కువ కాలం వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పెరుగుతాయి. ఆ మాట మీ బీపీ డాక్టరు గారికి చెప్పండి గానీ, మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

నాలుకను చాలామంది ముందువైపే గీసి, వాంతి వచ్చేట్లుందని వదిలేస్తారు. పాచి దట్టంగా ఉండేది వెనుకనే. శుభ్రమైన చెంచాతో అక్కడ మెల్లగా గీసి, కాసేపు ఆగి వాసన చూస్తే మీకే తెలుస్తుంది.

జవాబు (మరొకరు, గుంటూరు):
అన్నగారూ, నోరు మూసి ముక్కుతో గాలి వదిలినప్పుడే వాసన వస్తే సైనస్‌ను అనుమానించి చెవి-ముక్కు-గొంతు డాక్టరు గారికి చూపించండి. టాన్సిళ్లలో తెల్లని పలుకుల్లా గట్టిపడేవి కూడా భరించలేని కంపు కొడతాయి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది కాబట్టి ఆ పరీక్ష వాయిదా వేయకండి. డాక్టరు గారి దగ్గరికి వెళ్లే ముందురోజు వెల్లుల్లి పచ్చళ్లు తినకండి. ఆ వాసన రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి వస్తుంది, ఎంత తోమినా పోదు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. వాసన కోసం రోజంతా వక్కపొడి నములుతుంటాను. అది కొనసాగించవచ్చా?

జవాబు (దంతవైద్యుడు, విజయవాడ):
ఈరోజే మానేయండి. వక్క వాసనను కాసేపు కప్పిపుచ్చుతుందే గానీ, నోటి లోపలి పొరను గట్టిపరిచి నోరు తెరుచుకోకుండా చేస్తుంది, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. నోరు ఆరిపోతున్నట్లుంటే నీళ్లు తాగండి, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. నోరు పూర్తిగా తెరవడం కష్టంగా ఉంటే చిగుళ్ల కంటే ముందు ఆ మాటే డాక్టరు గారికి చెప్పండి.