అప్‌డేట్: నాన్న హెర్నియా ఆపరేషన్ అయిపోయింది

నాన్నకి (68 ఏళ్లు) కుడి గజ్జలో హెర్నియా, కోసి చేసేదా, లాప్రోస్కోపీయా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి ఓపెనే, అంటే కోసి చేసేదే చేయించాం.

నేనైతే లాప్రోస్కోపీకే ఫిక్సయ్యాను. మూడు చిన్న రంధ్రాలు, నొప్పి తక్కువ, త్వరగా లేచి తిరగొచ్చు అని. కానీ దానికి సాధారణంగా పూర్తి మత్తు కావాలి. నాన్న 30 ఏళ్లు బీడీలు కాల్చిన మనిషి, ఊపిరితిత్తులు అంతంతమాత్రం. రెండు వైపులా ఉన్నా, ఓపెన్ చేశాక మళ్లీ వచ్చినా లాప్రోస్కోపీయే మేలట. ఒక వైపే, అదీ మొదటిసారి అయితే ఓపెన్ ఏమీ తీసిపోదన్నారు సర్జన్. మెష్ (బలహీనపడ్డ చోట దన్నుగా పెట్టే వల) రెండింటిలోనూ వేస్తారు. ఓపెన్‌లో కండరానికి ముందు, లాప్రోస్కోపీలో వెనక.

వెన్నుకి మత్తిచ్చి గంటలో ముగించారు. ఆ రాత్రి మూత్రం రాక ట్యూబు వేశారు. ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు, తెగ టెన్షన్ పడ్డాం. మర్నాడు తీసేశారు. కింద వాపు, కమిలిన నలుపు వారం ఉన్నాయి.

ఇవాళ పన్నెండో రోజు. బాగానే నడుస్తున్నారు, దగ్గేటప్పుడు మాత్రం చేత్తో అదిమి పట్టుకుంటున్నారు. బరువులు ఎత్తొద్దన్నారు కదా, నిన్న చూస్తే నీళ్ల బిందె మోస్తున్నారు!