రోజుకు రెండుసార్లే ఆడితే 140వ వేవ్ దాటేదెలా?

ఐడిల్ (మనం ఆడకపోయినా దానంతటదే నడిచే) జాంబీ గేమ్. ఉదయం 7కి ఐదు నిమిషాలు, రాత్రి 10కి పావుగంట, అంతకంటే కుదరదు. ఆఫ్‌లైన్ సంపాదన (గేమ్ మూసి ఉన్నప్పుడు వచ్చేది) 8 గంటలకే ఆగిపోతుంది కాబట్టి పగలు 7 గంటలు, రాత్రి ఒక గంట వృథా. అంటే రోజులో మూడో వంతు.

140వ వేవ్ (జాంబీల దాడి విడత) బాస్ దగ్గర 9 రోజులుగా ఇరుక్కున్నాను. 30 సెకన్ల టైమర్ అయిపోయేసరికి బాస్‌కి ఇంకా 12 శాతం ప్రాణం మిగులుతోంది. గోడ చెక్కుచెదరదు, మనవాళ్లెవరూ చావరు. కాబట్టి లోపం డ్యామేజ్‌లోనే.

షాట్‌గన్ తీసేసి స్నైపర్ పెట్టి చూశాను. మధ్యలో దూరే చిల్లర జాంబీలే తూటాలన్నీ తినేశాయి! క్రిటికల్ ఛాన్స్ (మామూలు కంటే పెద్ద దెబ్బ తగిలే అవకాశం) 40 శాతానికి పెంచితే, 15 శాతం మిగిలేది 12కి తగ్గింది, అంతే. మామూలు అప్‌గ్రేడ్‌లో ఖర్చు ప్రతిసారీ 15 శాతం పెరుగుతుంటే డ్యామేజ్ 6 శాతమే పెరుగుతోంది.

రీసెట్ చేస్తే శాశ్వతంగా 18 శాతం డ్యామేజ్ వస్తుంది. లెక్క ప్రకారం ఇప్పుడు బాస్‌కి తగులుతున్న 88 శాతం కాస్తా 103 దాటుతుంది, బాస్ అంచున చస్తాడు. కానీ మళ్లీ ఒకటో వేవ్ నుంచి మొదలు. చేతిలో 320 రత్నాలున్నాయి (రీసెట్‌లో పోవు). 300 పెడితే ఆఫ్‌లైన్ పరిమితి 12 గంటలవుతుంది, వృథా 3 గంటలకు దిగుతుంది. లేదా అవే రత్నాలతో నాలుగో తుపాకీ స్లాట్ తెరవొచ్చు.

రోజుకు రెండుసార్లే ఆడేవాళ్లు రీసెట్‌కి ముందు ఆ 300 పరిమితి మీద పెట్టాలా, స్లాట్ మీదా?